పాత టోపోగ్రాఫిక్ పటాలతో ఊరి చరిత్ర, వంశ చరిత్ర అన్వేషణ: సమగ్ర మార్గదర్శి

వంశ చరిత్ర వెతికేవారు సాధారణంగా పేర్లతో మొదలుపెడతారు. జనన మరణ రిజిస్టర్లు, జనాభా లెక్కల జాబితాలు, భూమి దస్తావేజులు అన్నీ పేర్ల చుట్టూ తిరిగేవే. కొంత వెనక్కి వెళ్లేసరికి ఆ కాగితాలే దొరకవు. అమెరికాలో 1890 జనాభా లెక్కల పత్రాలు 1921 నాటి అగ్నిప్రమాదంలో చాలావరకు పాడైపోయాయి, మిగిలినవి కూడా తర్వాత నాశనమయ్యాయి. ఐర్లాండులో 19వ శతాబ్దపు తొలి జనాభా లెక్కల్లో అధిక భాగం 1922లో డబ్లిన్ రికార్డు కార్యాలయం తగలబడినప్పుడు బూడిదైంది. ఇలాంటి ఖాళీల్లో మిగిలి ఉండే గట్టి సాక్ష్యం ఆ కాలపు టోపోగ్రాఫిక్ పటం, అంటే నేల ఎత్తుపల్లాలు, వాగులు, దారులు, కట్టడాలు చూపే కొలత పటం. అందులో మనుషుల పేర్లు ఉండవు. అయితే ఇళ్లు ఎక్కడ ఉన్నాయో, వాటికి నీరు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ దారి ఏ ఊరికి చేరిందో, ఏ గట్టు ఎవరిని ఎవరి నుంచి వేరు చేసిందో ఉంటుంది. ఈ మార్గదర్శి అంతటా నేను పట్టుబట్టేది ఒక్క విషయం మీద: పటాన్ని ఇల్లు గుర్తించే సాధనంగా మాత్రమే చూడకుండా, తర్వాత ఏ రికార్డును ఎక్కడ వెతకాలో నిర్ణయించే సాధనంగా వాడాలి.

1. స్థలాల జాబితా తయారు చేసుకోవడం

పటం తెరవడానికి ముందే, ఇంట్లో ఉన్న ఉత్తరాలు, దస్తావేజులు, సమాధి రాతలు, పెద్దలు చెప్పిన మాటలు అన్నింటిలోంచి స్థలాల పేర్లు ఏరి రాసుకోవాలి. ప్రతి పేరు పక్కన అది ఏ కాగితంలో, ఏ సంవత్సరంలో, ఏ అక్షరక్రమంతో కనిపించిందో ఉండాలి. ఊళ్ల పేర్లతో సరిపెట్టకూడదు. వాగు పేరు, గుట్ట పేరు, పొలానికి ఇంట్లో వాడిన పేరు, బడి, నీటి మర, రైలు ఆగే చోటు, ఇవన్నీ కావాలి, ఎందుకంటే పెద్ద ఊరి పేరు పటంలో ఎన్నో చోట్ల కనిపించవచ్చు గానీ వాగు పేరూ గుట్ట పేరూ కలిసి పక్కపక్కన కనిపించే చోటు సాధారణంగా ఒక్కటే ఉంటుంది. మొదటి విడతలో ఒక కుటుంబం, ఒక ప్రాంతం, ఇరవై ముప్పై ఏళ్ల కాలం చాలు. అంతకంటే విస్తారంగా మొదలుపెట్టినవారు షీట్ల (పెద్ద పటాన్ని ముక్కలుగా ముద్రించిన కాగితాల) గుట్టలో దారి తప్పుతారు.

2. సరైన షీటు సంపాదించడం

దేశమంతటినీ ఒకే పద్ధతిలో కొలిచి గీసే పని చాలా దేశాల్లో సైన్యం అవసరాల కోసం మొదలైంది. బ్రిటన్‌లో ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే 1791లో మొదలై, కెంట్ ప్రాంతానికి మైలుకు ఒక అంగుళం స్కేలులో తన తొలి పటాన్ని 1801లో వెలువరించింది. మధ్య ఐరోపాను ఏలిన హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యం తన భూభాగాలకు మొదటి సైనిక సర్వేను 1763 నుంచి 1787 వరకు చేయించింది. భారతదేశంలో సర్వే ఆఫ్ ఇండియా తన ఆరంభాన్ని 1767గా లెక్కిస్తుంది, దేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన మహా త్రికోణమితి సర్వే 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ (మిగతా దూరాల లెక్కకు మూలమైన మొదటి గీత) కొలతతో మొదలైంది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1879లో ఏర్పడి, 1884 నుంచి దేశవ్యాప్త టోపోగ్రాఫిక్ పటాల పని చేపట్టింది. స్విట్జర్లాండులో దేశమంతటి పటమైన డ్యూఫోర్ పటం 1845 నుంచి 1865 మధ్య వెలువడింది. మీ కుటుంబం ఏ దేశంలో ఏ కాలంలో ఉన్నదో దాన్నిబట్టి ఏ శ్రేణి పటాలు దొరుకుతాయో ముందే అంచనా వేసుకోవచ్చు.

వీటిలో చాలా పటాలు ఇప్పుడు ఇంట్లో కూర్చునే చూడవచ్చు. అమెరికా పటాలను టోపోవ్యూ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో తేదీల వారీగా చూసి ఉచితంగా దించుకోవచ్చు. బ్రిటన్ పటాలకు స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం సంకలనాన్ని మించినది లేదు, అది ఇంగ్లండు, వేల్స్ పటాలను కూడా నేటి ఉపగ్రహ చిత్రాల పక్కన పెట్టి చూపిస్తుంది. మధ్య ఐరోపా సైనిక సర్వేలు ఆర్కానమ్ మ్యాప్స్ అనే వెబ్‌సైటులో ఉన్నాయి. స్విస్ పటాలను స్విస్‌టోపో సంస్థ కాలక్రమంలో వరుసగా కదిలించి చూసే వీలు కల్పించింది. భారతదేశానికి సంబంధించి, 1950ల నాటి అమెరికా సైనిక పటాల శ్రేణి 1:250,000 స్కేలులో టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయ సంకలనంలో దొరుకుతుంది.

షీటు సంఖ్య కనుక్కోవడం ఒక చిన్న లెక్క. ఉదాహరణకు సర్వే ఆఫ్ ఇండియా పద్ధతిలో, అక్షాంశాల్లో నాలుగు డిగ్రీలు, రేఖాంశాల్లో నాలుగు డిగ్రీలు ఉన్న గడికి ఒక సంఖ్య ఇస్తారు. ఆ గడిని ఒక్కొక్క డిగ్రీ చొప్పున పదహారు ముక్కలు చేసి, ఎడమ పైమూల నుంచి కిందికి, తర్వాత పక్క వరుసలో మళ్లీ పై నుంచి కిందికి, ‘ఎ’ నుంచి ‘పి’ వరకు అక్షరాలు పెడతారు. ప్రతి ముక్కను మళ్లీ పదిహేను నిమిషాల (డిగ్రీలో నాలుగో వంతు) షీట్లు పదహారుగా విడగొట్టి 1 నుంచి 16 వరకు సంఖ్యలు వేస్తారు. 56 అనే గడి తూర్పు రేఖాంశం 76 నుంచి 80 వరకు, ఉత్తర అక్షాంశం 16 నుంచి 20 వరకు ఉంటుంది. కాబట్టి రేఖాంశం 78–79, అక్షాంశం 17–18 మధ్య ఉన్న స్థలం 56-కె లో పడుతుంది. ఏ దేశపు శ్రేణికైనా ఇలాంటి సూచిక పటం ఒకటి ఉంటుంది, మొదట దాన్నే వెతకాలి.

మీకు కావలసిన చోటు షీటు అంచుకు దగ్గరగా ఉంటే పక్క షీటు కూడా తప్పకుండా తీసుకోవాలి. పక్కపక్క షీట్లను వేర్వేరు సంవత్సరాల్లో సర్వే చేసిన సందర్భాలు తరచుగా ఉంటాయి గనుక, అంచు దగ్గర ఒక దారి హఠాత్తుగా ఆగిపోయినట్టు కనిపిస్తే అది నేల మీద ఆగిపోయిందని అనుకోనక్కర్లేదు. డిజిటల్ ప్రతి తీసుకునేటప్పుడు అందుబాటులో ఉన్న అత్యధిక స్పష్టత గల ఫైలునే దించుకోవాలి, అంచులు కత్తిరించిన ప్రతిని తీసుకోకూడదు. అసలు సమాచారంలో సగం ఆ అంచుల్లోనే ఉంటుంది.

3. తేదీని నిర్ధారించడం

ఈ పనిలో అతి ముఖ్యమైన మెట్టు ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. ఒక షీటు మీద సర్వే చేసిన సంవత్సరం, సవరించిన సంవత్సరం, ప్రచురించిన సంవత్సరం, పునర్ముద్రించిన సంవత్సరం అని వేర్వేరు తేదీలు ఉండవచ్చు. పెద్ద అక్షరాల్లో కనిపించేది సాధారణంగా ప్రచురణ తేదీ, చరిత్రకు కావలసింది సర్వే తేదీ. అమెరికాలో 19వ శతాబ్దపు చివర సర్వే చేసిన కొన్ని షీట్లను దశాబ్దాల పాటు పెద్ద మార్పులేవీ లేకుండా మళ్లీ మళ్లీ ముద్రించారు. అలాంటి పునర్ముద్రణను పట్టుకుని ‘ఆ సంవత్సరంలో ఈ ఇల్లు నిలిచి ఉంది’ అని రాస్తే, కూలిపోయిన ఇంటికి ముప్పై నలభై ఏళ్ల ఆయుష్షు అదనంగా కట్టబెట్టినట్టవుతుంది.

అన్ని వివరాలకూ ఒకే తేదీ వర్తించకపోవచ్చు. రైలు మార్గాన్ని మాత్రం కొత్తగా చేర్చి, మిగిలినదంతా పాత సర్వే నుంచే ఉంచేసిన పునర్ముద్రణలు బ్రిటన్ పటాల్లో ఉన్నాయి. అమెరికా పటాల్లో 20వ శతాబ్దపు రెండో సగంలో, విమాన ఛాయాచిత్రాల ఆధారంగా చేసిన సవరణలను ఊదా రంగులో ముద్రించారు. ఊదా రంగులో ఉన్నదాన్ని నేల మీదికి వెళ్లి సరిచూడలేదని అర్థం. అందువల్ల ప్రతి షీటుకూ ఒక చిన్న చీటీ రాసుకుని, అందులో ఈ తేదీలన్నీ విడివిడిగా నమోదు చేయాలి. ఒకే స్థలానికి వేర్వేరు సర్వేల మీద ఆధారపడిన షీట్లు కనీసం మూడు సంపాదిస్తే మార్పును నమ్మకంగా చెప్పవచ్చు. రెండే ఉంటే, ఆ మార్పు నేల మీద జరిగిందా లేక గీసే పద్ధతి మారడం వల్ల కనిపిస్తోందా అన్నది తేల్చడం కష్టం.

4. స్కేలు ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు

మైలుకు ఒక అంగుళం అంటే 1:63,360. ఆ పటంలో ఒక మిల్లీమీటరు నేల మీద సుమారు 63 మీటర్లు. అర మిల్లీమీటరు వెడల్పు గీతను నిజంగా కొలిస్తే ముప్పై మీటర్ల వెడల్పు రోడ్డు కావాలి. కాబట్టి ఇక్కడ రోడ్డు వెడల్పు గానీ, ఇంటి ఆకారం గానీ నిజమైనవి కావు, ఉనికిని తెలిపే గుర్తులు మాత్రమే. 1:50,000లో మిల్లీమీటరుకు 50 మీటర్లు, అమెరికా 1:24,000 షీట్లలో 24 మీటర్లు. మైలుకు ఆరు అంగుళాల బ్రిటిష్ పటం 1:10,560 స్కేలులో ఉంటుంది గనుక, దానిలో ఇంటిని, పశువుల కొట్టాన్ని విడివిడిగా గుర్తించవచ్చు. 1:2,500 స్కేలు పటంలోనైతే పెరటి గోడ కూడా తెలుస్తుంది. ఊరి విస్తృత పరిసరాలకు చిన్న స్కేలు, ఇంటికి పెద్ద స్కేలు అనే విభజనను మనసులో ఉంచుకుంటే చాలు.

5. గుర్తులను చదవడం

సంకేతాల సూచిక షీటు మీద లేకపోతే అదే శ్రేణికి, అదే కాలానికి చెందిన సూచికను విడిగా తెచ్చుకోవాలి. గుర్తుల అర్థాలు ఎడిషన్ల మధ్య మారాయి. సాధారణంగా గోధుమ రంగు సమోన్నత రేఖలకు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలకు), నీలం నీటికి, నలుపు మనిషి కట్టిన వాటికి, పచ్చ చెట్లకు వాడతారు. డ్యూఫోర్ పటంలోనూ, ఆర్డ్‌నెన్స్ సర్వే తొలి అంగుళం పటాల్లోనూ సమోన్నత రేఖలకు బదులు వాలును సూచించే సన్నని గీతల ఛాయ ఉంటుంది. ఆ గీతలను బట్టి ఎత్తు ఎంతో తెలియదు, ఎంత నిటారుగా ఉందో మాత్రమే తెలుస్తుంది.

అమెరికా షీట్లలో నల్ల చతురస్రం ఇల్లు, జెండా ఉన్న చతురస్రం బడి, శిలువ ఉన్నది చర్చి. పట్టణాల మీద లేత రంగు పూత పూసి ఉంటే, ఆ ప్రాంతంలో ఇళ్లను విడిగా చూపించడం మానేశారని గ్రహించాలి, అక్కడ చతురస్రం లేనంత మాత్రాన ఇల్లు లేదని చెప్పరాదు. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో బావులకు, చెరువులకు, గుడి, మసీదు, చర్చి, సమాధులకు వేర్వేరు గుర్తులు ఉన్నాయి. చెరువు గట్టు దగ్గర సంఖ్య పక్కన చిన్న ‘ఆర్’ అక్షరం కనిపిస్తే అది సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు కాదు, చుట్టుపక్కల నేలతో పోల్చిన ఎత్తు. బ్రిటిష్ పటాల్లో ప్రాచీన కట్టడాల పేర్లను ప్రత్యేకమైన గోతిక్ అక్షరాల్లో రాశారు.

నా అభిప్రాయంలో గ్రామీణ చరిత్రకు అత్యంత విలువైన గుర్తులు ఇళ్లు కావు. ఊటలు, బావులు, వాగు దాటే రేవులు, నీటి మరలు, కమ్మరి కొలుములు, సున్నపు బట్టీలు, రాళ్ల క్వారీలు, ఇవి చెప్పేదే ఎక్కువ. ఒక కొండవాలు మీద ఊటలన్నీ దాదాపు ఒకే ఎత్తులో, ఒకే సమోన్నత రేఖ వెంట కనిపిస్తే, ఆ ఎత్తులో నీటిని ఇంకనివ్వని రాతి పొర బయటపడుతోందని ఊహించవచ్చు. పాత ఇళ్లు ఆ రేఖ వెంటే వరుసగా ఎందుకు ఉన్నాయో దానితో అర్థమవుతుంది.

6. పాత పటాన్ని నేటి నేల మీద కూర్చడం

పాత షీటుకు నేటి అక్షాంశ రేఖాంశాలు అతికించే ఈ పనిని జియోరిఫరెన్సింగ్ అంటారు. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి ప్రత్యేక సాధనం ఉంది. సులువుగా చేయాలనుకునేవారు గూగుల్ ఎర్త్‌లో పటాన్ని పారదర్శకంగా పరిచి చేత్తో సర్దవచ్చు. పటం మీదా నేడూ కచ్చితంగా ఒకటేనని చెప్పగల బిందువులను ఎంచుకోవాలి: రాతి వంతెన, చర్చి శిఖరం, రైలు మార్గం రోడ్డును దాటే చోటు, త్రికోణమితి స్టేషన్ (సర్వే కోసం కచ్చితంగా కొలిచి గుర్తుపెట్టిన చోటు). వాగు మలుపులను, చెరువు అంచులను, మట్టి దారుల కూడళ్లను వాడకూడదు, అవి కదులుతాయి. సాధారణ సర్దుబాటుకు సిద్ధాంతరీత్యా మూడు బిందువులు చాలినా, పొరపాటు బయటపడాలంటే అంతకంటే ఎక్కువ కావాలి. షీటు నాలుగు మూలలకూ విస్తరించిన ఎనిమిది, పది బిందువులు మంచి ఫలితాన్నిస్తాయి. అన్నీ ఒక మూలనే గుమిగూడితే మిగిలిన షీటు వంకరపోతుంది.

షీటు అంచున ఉన్న అంకెలను నేరుగా వాడితే పటం పక్కకు జరిగినట్టు కనిపించవచ్చు. పాత ఫ్రెంచి పటాల రేఖాంశాలు పారిస్ నుంచి, అనేక ఆస్ట్రియన్ పటాల రేఖాంశాలు ఫెర్రో అనే కానరీ దీవి నుంచి లెక్కించారు. గ్రీనిచ్ ఆధారంగానే ఉన్న పటాల్లో కూడా, భూమి ఆకారానికి ఆనాడు వాడిన గణిత నమూనా నేటి జీపీఎస్ వాడే నమూనా కాదు. భారతదేశంలో ఎవరెస్ట్ నమూనా, అమెరికాలో 1927 నాటి ఉత్తర అమెరికా నమూనా వాడారు. ఈ తేడా పదుల మీటర్ల నుంచి వందల మీటర్ల దాకా ఉంటుంది, అంటే పక్కవారి పొలంలో ఇంటి పునాది కోసం వెతికేంత దూరం. సాఫ్ట్‌వేర్‌లో ఆ పాత నమూనాను ఎంచుకుంటే ఈ తేడా సర్దుకుంటుంది.

7. కాలాల మధ్య పోలిక

ఒకే చోటుకు సంబంధించిన షీట్లను ఒకదానిపై ఒకటి పరిచి, ముందుగా పోయినవాటిని, తర్వాత కొత్తగా వచ్చినవాటిని, చివరగా పేరు లేదా హోదా మారినవాటిని గుర్తించాలి. ఐర్లాండు దీనికి మంచి పాఠం. అక్కడ 1824లో మొదలైన మైలుకు ఆరు అంగుళాల సర్వే 1846 నాటికి దేశమంతటినీ పూర్తిచేసింది, అంటే 1840ల చివరి మహా క్షామానికి ముందు నాటి పల్లెలు అందులో నిలిచిపోయాయి. 1841లో 81 లక్షలకు పైగా ఉన్న జనాభా 1851 నాటికి 65 లక్షలకు పైచిలుకుగా మిగిలింది. శతాబ్దం చివరి 1:2,500 పటాలతో పోల్చినప్పుడు, పడమటి ప్రాంతాల్లో గుంపులుగా ఉన్న చిన్న ఇళ్ల సముదాయాలు చాలా చోట్ల మాయమై, వాటి స్థానంలో పొడవైన పట్టీల్లాంటి పొలాలు కనిపిస్తాయి.

నీట మునిగిన ఊళ్లకు అమెరికాలోని క్వాబిన్ జలాశయాన్ని చూడవచ్చు. బోస్టన్ నగరానికి నీరందించడం కోసం మసాచుసెట్స్ రాష్ట్రంలోని డానా, ఎన్‌ఫీల్డ్, గ్రీనిచ్, ప్రెస్కాట్ అనే నాలుగు ఊళ్లను 1938లో అధికారికంగా రద్దు చేశారు. 1939లో నీరు నింపడం మొదలై 1946కి జలాశయం నిండింది. పాత షీట్లలో ఆ లోయ నిండా రోడ్లు, ఇళ్లు, రైలు మార్గం, శ్మశానాలు ఉన్నాయి. నేటి పటంలో అక్కడి రోడ్లు నేరుగా నీటిలోకి వెళ్లి ఆగిపోతాయి. ఆ శ్మశానాల్లోని సమాధులను తరలించి క్వాబిన్ పార్క్ శ్మశానవాటికలో మళ్లీ ఖననం చేశారు గనుక, ఆ ఊళ్ల కుటుంబాలవారు సమాధుల కోసం వెతకవలసిన చోటే మారిపోయింది. సైన్యం శిక్షణ కోసం 1943లో ఖాళీ చేయించిన ఇంగ్లండు పల్లెలు ఇంబర్, టైన్‌హామ్ కూడా ఇలాంటివే. ఊరు హఠాత్తుగా మాయమైతే, ఆ రెండు సర్వేల మధ్య కాలంలో జలాశయం, సైనిక స్థావరం, గని, రైలు మార్గం మూసివేత వంటివి జరిగాయేమో చూడాలి. వాటికి నష్టపరిహారం పత్రాలు ఉంటాయి, నష్టపరిహారం పత్రాల్లో పేర్లు ఉంటాయి.

8. భూమి రికార్డుతో ముడివేయడం

అమెరికాలో చాలా రాష్ట్రాల భూమిని ఆరు మైళ్ల చతురస్రాలుగా, ఒక్కొక్కదాన్ని 640 ఎకరాల సెక్షన్లు ముప్పై ఆరుగా విభజించారు. సెక్షన్ల సంఖ్యలు చాలా టోపోగ్రాఫిక్ షీట్ల మీదే ముద్రించి ఉంటాయి. దస్తావేజులో ‘14వ సెక్షన్ ఈశాన్య పావు భాగం’ అని ఉందనుకుందాం. సంఖ్యలు ఈశాన్య మూల 1తో మొదలై పడమటికి 6 వరకు వెళ్తాయి. 7 దాని కింద మొదలై తూర్పుకు 12 వరకు, మళ్లీ 13 తూర్పు అంచున మొదలై పడమటికి 18 వరకు సాగుతాయి. ఆ లెక్కన 14 మూడో వరుసలో, తూర్పు అంచు నుంచి రెండోది. దాని ఈశాన్య పావు 160 ఎకరాలు, అంటే 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ఒక కుటుంబానికి అనుమతించిన గరిష్ఠ విస్తీర్ణం. ఆ పావు భాగంలో షీటు మీద ఒకే ఒక నల్ల చతురస్రం ఉంటే, అది మీ పూర్వికుల ఇల్లే కావడానికి అవకాశం ఎక్కువ. రెండు మూడు ఉంటే, భూయజమానుల పేర్లు ముద్రించిన ఆ కాలపు కౌంటీ (జిల్లా) పటాలను తెచ్చి చూడాలి.

ఐర్లాండులో 1847 నుంచి 1864 మధ్య వెలువడిన గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో (పన్ను కోసం భూమికి, ఇళ్లకు విలువ కట్టిన జాబితాలో) ప్రతి కౌలుదారు పేరు పక్కన ఒక సూచిక సంఖ్య ఉంటుంది. అదే సంఖ్య ఆరు అంగుళాల పటం మీద ఆ భూమిపై రాసి ఉంటుంది. జాబితాలో పేరు నుంచి పటంలో స్థలానికి ఇంత నేరుగా దారి చూపే రికార్డులు తక్కువ.

పేర్ల అక్షరక్రమం విషయంలో పట్టుదల పనికిరాదు. సర్వే ఉద్యోగులు స్థానికులు పలికినదాన్ని తమ చెవికి తోచినట్టు రాశారు. ఆర్డ్‌నెన్స్ సర్వే మాత్రం ప్రతి పేరుకూ రూపాంతరాలను, వాటిని చెప్పినవారిని పేర్ల పుస్తకాల్లో నమోదు చేసింది. స్కాట్లాండు పుస్తకాలను ఆన్‌లైన్‌లో చదవవచ్చు, పేరు చెప్పినవారిలో మీ కుటుంబం వారే కనిపించినా ఆశ్చర్యం లేదు. అమెరికాలో ప్రభుత్వ స్థలనామాల జాబితా, ఇప్పుడు లేని ఊళ్లను ‘చారిత్రక’ అనే గుర్తుతో ఉంచుతుంది.

9. నడక దూరాన్ని లెక్కించడం

రికార్డులు పరిపాలనా సరిహద్దుల ప్రకారం దాస్తారు గానీ, మనుషులు నేల వాలును బట్టి నడిచారు. కుటుంబం ఒక జిల్లాలో ఉండగా వారి పెళ్లి పక్క జిల్లాలో నమోదై ఉండటానికి చాలాసార్లు ఇదే కారణం. విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇక్కడ అక్కరకొస్తుంది: మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కిన ప్రతి 2,000 అడుగులకూ మరో గంట. మీటర్లలో సుమారుగా గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ ఒక గంట. ఒక ఇంటికి 4 కిలోమీటర్ల దూరంలో వారి సొంత పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) చర్చి ఉందనుకోండి, మధ్యలో సమోన్నత రేఖల ప్రకారం 450 మీటర్లు ఎక్కాలి. నడకకు 48 నిమిషాలు, ఎక్కుడుకు 45, మొత్తం 93 నిమిషాలు. లోయ వెంట సమతలంగా 6 కిలోమీటర్లు వెళ్తే పక్క పారిష్ చర్చి వస్తుంది, 72 నిమిషాలు. దూరంగా ఉన్నదే దగ్గరి దారి. ఈ లెక్క చేశాక బాప్తిస్మ రిజిస్టర్ల కోసం ముందు ఏ పారిష్‌కు వెళ్లాలో తేలిపోతుంది.

ఇంటి నుంచి గంట, రెండు గంటల నడకలో చేరగల చోట్లను పటం మీద గుర్తించి, ఆ పరిధిలోని చర్చి, బడి, మర, సంత, శ్మశానం, రైలు స్టేషన్ల జాబితా తీయాలి. కొలవవలసింది పక్షి ఎగిరే దూరం కాదు, దారి వెంట దూరం. వంతెన కట్టిన తేదీని కూడా చూడాలి, వంతెన రాకముందు నది అవతలి ఊరు వేరే లోకం. ఈ జాబితాలోని ప్రతి చోటూ ఒక రికార్డు పుట్టిన చోటే: బడికి హాజరు పట్టీలు, మరకు లెక్కల పుస్తకాలు, శ్మశానానికి ఖననాల రిజిస్టరు ఉండి ఉండవచ్చు. అక్కడి ఇంటిపేర్లలో మీ కుటుంబంతో వియ్యమందినవి తగిలే అవకాశం ఎక్కువ.

10. నేల మీద సరిచూడటం

స్థలం ప్రైవేటుదైతే ముందుగా యజమాని అనుమతి తీసుకోవాలి. జియోరిఫరెన్సు చేసిన పటాన్ని ఫోనులో పెట్టుకుని, దాని పొరపాటు పరిధి, అంటే పటంలోని చోటు నేల మీది అసలు చోటు నుంచి ఎంత తప్పవచ్చో, ఎన్ని మీటర్లో గుర్తుంచుకుని, ఆ వృత్తమంతా వెతకాలి. ఆకులు రాలి, గడ్డి తగ్గిన కాలంలో పునాదుల గీతలు, గోడల మొదళ్లు బాగా కనిపిస్తాయి. అడవి మధ్యలో ఇంటి దగ్గర మాత్రమే నాటే పండ్ల చెట్లు, పూల దుంపలు వరుసగా మొలిచి ఉంటే అక్కడ పెరడు ఉండేదని భావించవచ్చు. పటంలో బావి గుర్తు ఉన్న చోట అడుగు చూసి వేయాలి, పాడుబడిన బావుల మీద కుళ్లిన చెక్కలు, తీగలు కప్పి ఉంటాయి. దొరికిన వస్తువులను కదిలించకుండా ఫొటో తీసి, జీపీఎస్ విలువ నమోదు చేసి వదిలేయాలి. చాలా దేశాల్లో వాటిని తీసుకెళ్లడం చట్టవిరుద్ధం.

వచ్చిన రోజే నమోదు పూర్తి చేయాలి. ప్రతి నిర్ధారణకూ షీటు పేరు లేదా సంఖ్య, స్కేలు, సర్వే సంవత్సరం, ఎడిషన్, ఫైలు తీసుకున్న చోటు, పొరపాటు పరిధి రాయాలి. పటంలో కనిపించినది, రికార్డు చెప్పినది, మీరు ఊహించినది మూడింటికీ వేర్వేరు గడులు ఉంచాలి. ఇల్లు ఆ సర్వేలో ఉందని పటం చెబుతుంది, ఆ పావు భాగం ఫలానావారిదని దస్తావేజు చెబుతుంది, ఆ ఇంట్లో ఉన్నది వారేనన్నది మీ ఊహ. మరో రిజిస్టరు దొరికి దాన్ని బలపరిచేదాకా ఆ మూడో గడిని పెన్సిల్‌తోనే నింపాలి.